చదవకండి, ఎంటర్ కొట్టండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడు ఊళ్లలో కంప్యూటర్ మీద ఆడే ప్రతి వేలూ ఒకప్పుడు నా బెత్తం కింద నడిచిందే. నేను అలా చెప్పుకుంటూ ఉంటాను. పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లకు చెప్పాను, బస్సులో చెప్పాను, ఈ మధ్య కంటి డాక్టరుకు కూడా చెప్పాను. ఆయన చుక్కల మందు వేసి కాసేపు కళ్లు మూసుకోమన్నాడు. నోరు మూసుకోమనలేదు.

నిజం అంత పెద్దది కాదు. జగిత్యాలలో నాకొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మేడ మీద హాలు, వరుసగా మిషన్లు, లోయర్, హయ్యర్ పరీక్షలకు టైపు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు. తర్వాత మిషన్లు పోయి రెండు కంప్యూటర్లు వచ్చాయి. ఆ తర్వాత పిల్లలు రావడం మానేశారు. హాలు మిగిలింది. బెత్తం ఎప్పుడూ లేదు. ఒక చెక్క స్కేలు ఉండేది, అది కూడా వేళ్ల మీద కాదు, బల్ల మీద తాళం వేయడానికి.

ఆ రోజుల్లోనే ఒక కంపెనీ ఈ మూడు ఊళ్లలో రక్త పరీక్షల లాబులకు కంప్యూటర్ పని చూసిపెట్టేది. పేరు వద్దు. కౌంటర్లో కూర్చుని పేషెంట్ల పేర్లు ఎక్కించే ఆపరేటర్లు, వైర్లూ ప్రింటర్లూ చూసుకునే టెక్నీషియన్, అందరూ ఆ కంపెనీ మనుషులే. అందరి మెడలో నీలం తాడు, దానికొక కార్డు, కార్డు మీద ‘ఐటీ స్టాఫ్’ అని అక్షరాలు. ఆ తాడు వేసుకున్న ఆడపిల్లలు బస్సు దిగి, వీధి మొత్తం దాటి, ఇంట్లో మంచినీళ్లు తాగేదాకా దాన్ని తీసేవారు కాదు.

ఆ కంపెనీ మేనేజర్ నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఈ శిక్షణ మీరు తప్ప ఇంకొకరు ఇవ్వలేరని బతిమాలాడని అందరికీ చెప్పాను. ఆయన అడిగింది హాలు. బెంచీలూ ఫ్యాన్లూ ఉన్న హాలు ఆ వీధిలో నాదొక్కటే. తాళంచెవి తీసుకుని మెట్లు దిగబోతుంటే నేనే వెనక నుంచి అడిగాను.

“సార్, ట్రైనింగ్ ఎవరిస్తున్నరు?”

“ఇంకా అనుకోలే.”

“అనుకునేది ఏమున్నది. మీ ముందట నిలబడ్డ.”

హైదరాబాద్ మనిషి. ఎప్పుడూ నిలబడే మాట్లాడేవాడు, కూర్చుంటే పని ఆగిపోతుందన్నట్టు. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది, దానికి స్టాఫంతా తయారు కావాలి, ఏ పద్ధతిలో తయారు చేస్తే బాగుంటుందో తేల్చే బాధ్యత ఆయన నెత్తిన పడింది. ఆయన దాన్ని మా నెత్తిన పెట్టాడు.

“సూడండి, మూడు రకాలున్నయ్. హెడ్డాఫీసోళ్లు వీడియోలు పంపుతరు, ఫోన్ల చూసుకుంటరు. మన టెక్నీషియన్ నేను నేర్పుత అంటున్నడు. ఇగ మీరున్నరు. నెల రోజులు టైమిస్త. ఏది పని చేస్తదో నాకు చూపెట్టుండ్రి.”

వీడియోలు మొదటి వారంలోనే ఓడిపోయాయి. ఫోను బెంచీ మీద తన పాఠం తాను చెప్పుకుంటూ పోయేది. మా వాళ్లు పల్లీలు వొలుచుకుంటూ ఇంటి సంగతులు మాట్లాడుకునేవారు. చివర్లో ప్రశ్నలు వస్తే ఒకరు జవాబు అరిచేవారు, అందరూ అదే నొక్కేవారు. అందరికీ నూటికి నూరు.

మిగిలింది ఇద్దరం. స్టాఫ్‌ను మా ఇద్దరికీ చెరి సగం పంచారు.

నా పద్ధతి అట్టపెట్టె పద్ధతి. చెప్పుల డబ్బాకు రెండు వైపులా కోసి, నేర్చుకునేవాళ్ల చేతుల మీద బోర్లిస్తాను. అక్షరాలు కనిపించవు. వేలికి తన జాగా తనకే తెలియాలి. ఇది నా సొంత ఆవిష్కరణ అని మేనేజర్‌కు చెప్పాను. నేను టైపు నేర్చుకున్నచోట మా మాస్టారు తువ్వాలు కప్పేవాడు. తువ్వాలు తీసి డబ్బా పెట్టడమే నేను చేసిన పరిశోధన.

కంప్యూటర్‌కు వచ్చేసరికి ప్రతి పనినీ ఎక్కంలా కట్టాను. అందరూ ఒక్క గొంతుతో వల్లించాలి. పేరు, ట్యాబ్. వయసు, ట్యాబ్. ఫోను, ట్యాబ్, ట్యాబ్. పరీక్ష, ఎంటర్. జాబితా మొత్తం లాబులోకి పంపాలంటే ఆల్ట్, కింది బాణం, కింది బాణం, ఎంటర్. నేను స్కేలుతో తాళం వేసేవాణ్ని. ఇంతమంది గొంతులు కలిస్తే కింద చాయ్ బండి దగ్గర జనం తలెత్తి చూసేవారు. అదొక సంబరం నాకు.

మొదటి రోజుల్లో ఒకామె అడిగింది.

“సారు, నడుమల డబ్బ ఒకటి తెరుసుకుంటది. ఇంగ్లీషుల ఏందో అడుగుతది.”

“గది ఊకె అడుగుతది బిడ్డా. ఎంటర్ కొట్టు, పోతది. సదువుకుంట కూసుంటే లైన్ల నిలబడ్డోళ్లు తిడ్తరు.”

అలా నా ఏడో సూత్రం పుట్టింది. పెట్టె తెరుచుకుంటే చదవకండి, ఎంటర్ కొట్టండి. పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. నా దగ్గర ఏడు సూత్రాలు లేవు, ఇదొక్కటే. ఏడోది అంటే ముందు ఆరు ఉన్నాయనుకుంటారని.

టెక్నీషియన్ కోరుట్ల మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. అందరికీ భాయ్. పొద్దున మొదటి బస్సుకే దిగి, బిస్కెట్ల డబ్బాలో స్క్రూడ్రైవర్లు పెట్టుకుని, నా హాలుకు నాకంటే ముందే చేరేవాడు. వచ్చి చేసే పని ఏమిటంటే చెడగొట్టడం. ఒక వైరు సగం పీకి వదిలేసేవాడు. ప్రింటర్‌ను వేరే గది ప్రింటర్‌కు చూపించి పెట్టేవాడు. జాబితాలో ఒకే పేరు, ఒకే వయసు ఉన్న ఇద్దరు మనుషుల్ని ఎక్కించి ఊరుకునేవాడు. తర్వాత చాయ్ తెచ్చుకుని మూలన కూర్చునేవాడు.

“భాయ్, బిల్లు వస్తలేదు!”

“అరె. ఎందుకస్తలేదు?”

“నువ్వే ఏందో చేసినవ్.”

“చేసిన. ఏం చేసిన్నో చెప్పు మరి.”

ఆడపిల్లలు చున్నీలు బిగించి బల్లల కింద దూరేవారు. తిట్టేవారు, నవ్వేవారు. మధ్యాహ్నం దాకా ఒక్క బిల్లు బయటికి వచ్చేది కాదు. సాయంత్రం పోయేముందు ఆ రోజు ఎవరు ఏ తప్పు చేశారో వాళ్లే ఒక పెద్ద చార్టు మీద రాయాలి. ‘ఆయన రక్తం ఆమె పేరు మీద పెట్టిన.’ ‘వైరు సూడకుంట ప్రింటర్‌ను కొట్టిన.’ ఆ చార్టు దగ్గర నవ్వులు నా ఎక్కాల కంటే గట్టిగా వినిపించేవి.

“ఏం భాయ్, కంపెనీ నిన్ను బాగు చెయ్యనీకి పెట్టుకున్నదా, ఖరాబు చెయ్యనీకా?” అని అందరి ముందూ అడిగాను.

“ఈడ నేను ఖరాబు చేస్తే నవ్వుకుంట నేర్సుకుంటరు సారు. ఆడ కౌంటర్ల దానంతటదే ఖరాబయితే ఏడుస్తరు.”

నేను నవ్వాను. ఆ సాయంత్రం అతని స్క్రూడ్రైవర్ ఒకటి నా బీరువాలో దాచాను. మర్నాడు అతను వెతుక్కుంటుంటే, “ఏం చేసిన్నో చెప్పు మరి” అన్నాను. పిల్లలు నవ్వారు. అతనూ నవ్వాడు. చిల్లర పని. చాలా రోజులు అదే నా గెలుపుల్లో పెద్దదిగా చెప్పుకున్నాను.

అతని సగంలో సిరిసిల్ల నుంచి వచ్చే ఒకామె ఉండేది. పెళ్లయిన పిల్ల, భర్త దుబాయిలో, అత్తతో ఉంటుంది. తండ్రి సాంచాల మీద బతికినవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఒకరోజు బల్ల కిందనుంచి తల బయటికి పెట్టి, చేతిలో వైరు పట్టుకుని చెప్పింది.

“మా నాయిన గిట్లనే నేర్పిండు సారు. సాంచా బందు పెట్టి, కత్తెర తీస్కొని నడిమిట్ల ఒక పోగు తెంపేటోడు. ఏడ తెగిందో పట్టి అతికితేనే బువ్వకు పోదామనేటోడు. నడిపిచ్చుడు ఎవలన్న నేర్సుకుంటరు బిడ్డా, తెగింది కండ్లకు కానరావాలె అనేటోడు.”

నాకు అర్థం కాలేదని చెప్పుకోవచ్చు. అర్థమైంది. వెంటనే, మొత్తం అర్థమైంది. అందుకే కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు నేను నడిపించడమే నేర్పాను.

ఇంకొకటి కూడా గమనించాను. ఆ పిల్ల వేళ్లు. అలాంటి వేళ్లు నా మిషన్ల రోజుల్లో ఇద్దరికో ముగ్గురికో చూశాను. మేనేజర్‌కు చెప్పి ఆమెను నా సగంలోకి మార్పించుకున్నాను.

“నాకు భాయ్ కాడనే మంచిగుంది సారు,” అంది.

“నీ వేళ్లకు నా కాడ మంచిగుంటది బిడ్డా.”

మర్నాడు వచ్చి నా బెంచీలో కూర్చుంది. తండ్రి వయసువాడు చెబితే వినే పిల్ల. వారం తిరిగేసరికి నా అట్టపెట్టె కింద ఆమె చేతులు వానలా పడుతుండేవి.

పరీక్ష రోజు హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. కాగితం మీద పేషెంట్ల వివరాలు ఇచ్చి, ఎవరు ఎంత త్వరగా ఎక్కిస్తారో వాచీ పెట్టి చూశారు. భాయ్ పిల్లలు నెమ్మదిగా చేశారు. తెర చదివారు. ఒకామె లేచి, ‘ఈ కాగితం మీద వయసు తప్పున్నట్టుంది సార్, అడగాలె’ అంది. నిజంగానే తప్పుంది. వాచీ చూస్తున్నాయన దాన్ని రాసుకోలేదు. దానికి ఆయన కాగితంలో గడి లేదు.

నా పిల్లలు తుఫానులా పోయారు. అప్పుడు నేను లేచి, సిరిసిల్ల పిల్ల ముందున్న మానిటర్ బటన్ నొక్కాను. తెర నల్లబడింది. “కానీ బిడ్డా” అన్నాను. ఆమె నల్లటి తెర ముందు పది మంది పేషెంట్లను ఎక్కించింది. తెర వెలిగిస్తే పది పేర్లూ ముత్యాల్లా ఉన్నాయి. అతిథులు చప్పట్లు కొట్టారు.

పది మంది కాదు. ఒక్కడు. ఆ ఒక్క పేరును వారం రోజులు ఆమెతో కొట్టించాను. ఇది మన ముచ్చటే, ఎవరికీ చెప్పొద్దని అన్నాను. ఆమె సిగ్గుపడుతూ నవ్వింది.

చప్పట్లు ఆగాక టెక్నీషియన్ ఒక్క మాట అడిగాడు.

“సార్, రేపు సాఫ్ట్‌వేరోళ్లు తెర మీద బటన్ జరిపితే?”

“బటన్‌కు కాళ్లున్నయా భాయ్?” అన్నాను. అతిథులకు ఆ మాట నచ్చింది. మేనేజర్ కూడా నవ్వాడు. పద్ధతి ఎంపిక అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే ఒకటి తెలుస్తుంది. ఎవరికి ఏం అవసరమో చూసి శిక్షణ పద్ధతిని ఎంచుకుంటారని అందరూ అనుకుంటారు. ఆ హాలులో అలా ఎంచుకున్నవాళ్లు ఎవరూ లేరు. వాచీతో కొలవడానికి వీలైనదాన్ని పెద్దలు ఎంచుకున్నారు. నాకు వచ్చిందాన్ని నేను ఎంచుకున్నాను. కౌంటర్లో కూర్చోబోయేవాళ్లను ఎవరూ అడగలేదు. అడిగితే ఒకామె చెప్పేది. చెప్పింది కూడా.

అయినా అంతటితో ఊరుకోలేదు. టెక్నీషియన్ క్లాసు వల్ల మిషన్లు పాడవుతున్నాయని మేనేజర్‌ను పక్కకు తీసుకెళ్లి చెప్పాను. ఒక్క మిషన్ కూడా పాడవలేదు. మరుసటి వారం నుంచి అతని పని వైర్ల వరకే అన్నారు. చార్టు నేనే చింపాను. గోడ మీద టేపు మరకలు మిగిలాయి.

కొన్ని నెలలు బాగా గడిచాయి. సిరిసిల్ల కౌంటర్లో ఆ పిల్లను చూడటానికి జనం వంగి చూసేవారట. “గీమె కండ్లు మూసుకొని కొడ్తది” అనేవారట. నేను బుధవారం బుధవారం క్లాసు పెట్టి, అవే ఎక్కాలు పాడించి, చాయ్ తాగి ఇంటికి పోయేవాణ్ని.

తర్వాత ఒక మంగళవారం నా ఫోనుకు మెయిల్ వచ్చింది. వచ్చే సోమవారం నుంచి తెర మారుతుంది, మొదట సిరిసిల్లలో, తర్వాత మిగతా రెండు ఊళ్లలో, స్టాఫ్‌కు ముందే చెప్పండి అని, కొత్త తెర బొమ్మలు పంపారు. మెయిల్ చూడలేదని పక్కింటాయనకు ఒకసారి చెప్పాను, మా ఇంటావిడకు ఇంకోసారి చెప్పాను. చూశాను. కళ్లద్దాలు తుడుచుకుని, బొమ్మను పెద్దది చేసి మరీ చూశాను. జాబితాను లాబులోకి పంపే మాట మూడో వరుసకు దిగింది. దాని జాగాలో, రెండో వరుసలో, ‘ఈ రోజు జాబితా రద్దు’ వచ్చి కూర్చుంది. ఆల్ట్, కింది బాణం, కింది బాణం, ఎంటర్.

రద్దు కొట్టగానే ఒక పెట్టె తెరుచుకుని నిజంగానేనా అని అడుగుతుందని కూడా ఆ బొమ్మల్లో ఉంది. పెట్టె తెరుచుకుంటే ఏం చేయాలో నా గోడ మీద ఉంది.

మర్నాడే బుధవారం. క్లాసు ఉంది. చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ మేనేజర్ ఇంకో జిల్లా నుంచి ముగ్గురిని తీసుకొస్తున్నాడు, నా పద్ధతి చూపించడానికి. వాళ్ల ముందు నిలబడి, ఇన్నాళ్లూ వేళ్లకు నేర్పింది మరిచిపోండి, ఇక మీదట తెర చదివి కొట్టండి అని ఎలా చెప్పను? అది భాయ్ మాట. అతను ఆ రోజు కోరుట్ల లాబులో వైర్లు వేస్తున్నాడు, అయినా ఆ మాట సాయంత్రానికల్లా అతని చెవిన పడుతుంది. రేపు చెబుదామనుకున్నాను. ఎక్కాలు పాడించాను. వచ్చినవాళ్లు వీడియో తీసుకున్నారు. సిరిసిల్ల పిల్ల ఆ మధ్యాహ్నం లేదు. అత్తకు కళ్లు చూపించాలని ఒక పూట సెలవు పెట్టింది. రిజిస్టర్‌లో ఆ రోజు హాజరు వేశాను, ఏం పాఠం చెప్పానో రాసే గడి ఖాళీగా వదిలాను.

శనివారం టెక్నీషియన్ ఫోన్ చేశాడు.

“సారు, కొత్త తెర బొమ్మలు నాకు ఇయ్యాల కానొచ్చినయ్. రెండో లైన్ల రద్దు పెట్టిండ్రు. మనోళ్ల చెయ్యి సీదా ఆడికే పోతది. చెప్పిండ్రా?”

“బుధవారమే చెప్పిన. నాకు నేర్పుతున్నవా భాయ్?”

“లేదు సారు. మీరు చెప్పినంటే ఇగ నాకు ఫికర్ లేదు.”

ఆ సోమవారం నేను సిరిసిల్లలో ఉన్నానని కొంతమందికి చెప్పాను. పరిగెత్తి వెళ్లి తీగ పీకి సగం జాబితా కాపాడానని కూడా ఒక పెళ్లిలో చెప్పాను. నేను జగిత్యాలలో మా గేటుకు రంగు వేయిస్తున్నాను. జరిగింది తర్వాత టెక్నీషియన్ చెబితే విన్నాను.

పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లతో పొద్దున్నే లాబు నిండింది. ఆమె అందరి పేర్లూ ఎక్కించింది. ఒక్కొక్కరికీ ఒక నంబరు, ఆ నంబరు చీటీ రక్తం గొట్టం మీద. ఏ నంబరు ఎవరిదో తెరలోని జాబితాకే తెలుసు. అందరి రక్తం తీయడం అయ్యాక జాబితా లాబులోకి పంపింది. కింది బాణం, కింది బాణం, ఎంటర్. పెట్టె తెరుచుకుంది. ఎంటర్. తెర ఖాళీ. గొట్టాలు స్టాండులో వరుసగా నిలబడి ఉన్నాయి, ఎర్రగా, పేర్లు లేకుండా.

దాచడానికి చూడలేదట. వెంటనే లేచి చెప్పిందట. అప్పటికే సగం మంది బయట ఇడ్లీలు తింటున్నారు. రుద్రంగి నుంచి వచ్చిన ఒకతను, గల్ఫ్ మెడికల్‌కు హైదరాబాద్ పోయేముందు ఇక్కడ ఒకసారి చూపించుకుందామని వచ్చినవాడు, కౌంటర్ మీద చెయ్యి వేసి అడిగాడట.

“మల్ల నెత్తురు గుంజుతరా? పొద్దుగాల గుంజిన నెత్తురు ఏడవోయిందమ్మా?”

“ఈడనే ఉందన్నా. ఎవలదో ఎర్కలేదు.”

టెక్నీషియన్ కోరుట్ల నుంచి రెండు బస్సులు మారి వెళ్లాడు. జాబితా తిరిగి రాలేదు. మర్నాడు అందరూ పరగడుపున మళ్లీ వచ్చారు, తిట్టుకుంటూ.

విచారణ నా హాలులోనే పెట్టారు. మేనేజర్ ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు. ఆమె చివరి బెంచీలో, టెక్నీషియన్ గోడకు ఆనుకుని, నేను నా కుర్చీలో.

“సీదా చెప్పుండ్రి. ఈ చేంజ్ ట్రైనింగ్‌ల చెప్పిండ్రా లేదా?”

నేను రిజిస్టర్ తెరిచి ఆయన వైపు తిప్పాను. బుధవారం, ఖాళీగా ఉన్న గడిలో, ‘కొత్త తెర మార్పులు వివరించబడినవి’ అని ఉంది. ఆ పొద్దున్నే రాశాను, అదే నీలం పెన్నుతో. ఆమె పేరు ఎదురుగా ఆ మధ్యాహ్నం గైర్హాజరు. అది నిజమే. ఆ విచారణలో నేను నోరు తెరిచి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఈ సంగతి చాలా కాలం నాకు పెద్ద ఊరటగా ఉండేది.

మేనేజర్ ఆమె వైపు చూశాడు. ఆమె రిజిస్టర్ వైపు చూడలేదు, నా వైపు చూసింది.

“బుధవారం ఒక పూట నేను లేను సార్. మా అత్తకు కండ్లు సూపెట్ట పోయిన. సారు చెప్పే ఉంటరు. సారు చెప్పకుంట ఉండరు. వచ్చినంక నేనే అడగాల్సి ఉండె. నాదే తప్పు.”

“ఆ దినం ఉన్నోళ్లను ఒక మాట అడుగుండ్రి సార్,” అన్నాడు టెక్నీషియన్.

మేనేజర్ ఫోను చూసుకుంటూనే జవాబిచ్చాడు. “భాయ్, హెడ్డాఫీసుకు నేను ఒక్క లైన్ రాయాలె. పది మందిని అడిగితే పది లైన్లయితయ్.”

ఆమె మెడలోంచి నీలం తాడు తీసింది. కార్డు చుట్టూ దాన్ని జాగ్రత్తగా చుట్టింది. తెచ్చి నా బల్ల మీద పెట్టింది, మేనేజర్ ముందు కాదు. “పోయొస్త సారు” అంది.

టెక్నీషియన్ మెట్ల మీద నా కోసం ఆగాడు. తిడతాడనుకున్నాను. తిడితే తిరిగి అనడానికి మాటలు కూడా కట్టి పెట్టుకున్నాను.

“శనివారం మీరు ‘చెప్పిన’ అన్నరు సారు.”

“అన్న.”

“మీరు చెప్పినంటే ఊకున్న. లేకుంటే ఒక్క ఫోన్ నేనే చేస్తుంటి ఆ పిల్లకు. ఖాళీ ఒక్క ఫోన్.” అతను బిస్కెట్ల డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “గా తప్పు నాది.”

నా తప్పును ఇద్దరు పంచుకున్నారు. ఆమె కొంత, అతను కొంత. నా వంతుకు ఏమీ మిగల్లేదు.

ఆ తర్వాత ఆ కంపెనీని నేనే వదిలేశానని చెబుతుంటాను. వాళ్లు మళ్లీ వీడియోల వైపు పోయారు, నన్ను పిలవడం మానేశారు. తాళంచెవి వాచ్‌మన్ చేతికిచ్చి పంపారు. టెక్నీషియన్ కూడా మానేసి కోరుట్లలో ఒక చిన్న రిపేరు దుకాణం పెట్టుకున్నాడు.

సంవత్సరం దాటాక సిరిసిల్ల పిల్ల ఫోన్ చేసింది. “సారు, ఒకపారి సిరిసిల్లకు రాగల్గుతరా?” అంతే అడిగింది. చూశావా, ఇప్పటికీ శిష్యులు పిలుస్తారు అని మా ఇంటావిడతో అన్నాను.

“పోయి రాండ్రి,” అంది మా ఇంటావిడ. “జెర మాటలు తక్కువ మాట్లాడుండ్రి.”

బస్టాండ్ దగ్గర ఒక ఆన్‌లైన్ దుకాణం. పరీక్షల దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫారాలు నింపి పెడతారు. ఆమె రెండో కంప్యూటర్ దగ్గర ఉంది. నన్ను చూసి లేచి కుర్చీ జరిపింది, “కూసోండ్రి సారు” అంది. ఎదుటి మనిషి పని సగంలో ఉంది, అది పూర్తి చేసి వస్తానంది. నేను ఆమె చేతులు చూస్తూ కూర్చున్నాను. కుడి చేతి చిటికెన వేలికి తెల్లటి నూలు పోగు కట్టి ఉంది, మూడు చుట్లు. తెర మీద పెట్టె తెరుచుకున్నప్పుడల్లా ఆ వేలు దానంతట అదే ఎంటర్ మీదికి పోయేది, పోగు బిగుసుకుని గుర్తు చేసేది, ఆగేది. ఆమె పెదవులు కదిలిస్తూ పెట్టెలోని మాటలు చదివేది. తర్వాత కొట్టేది.

“గా పోగు ఏంది బిడ్డా?” అని అడిగాను, తెలిసి తెలిసీ.

“చెయ్యి ఇంకా దాని జాగకే పోతది సారు. మీరు నేర్పింది పోతలేదు.”

పొగడ్తగా తీసుకుందామని చూశాను. కుదరలేదు.

పని ఏమిటో చెప్పింది. కోరుట్లలో ఒక దవాఖానలో కంప్యూటర్ ఉద్యోగం ఉంది. అక్కడ పాత చోట ఎందుకు తీసేశారని అడుగుతున్నారు. నేర్పిన సారు దగ్గర్నుంచి ఒక కాగితం తెమ్మన్నారు.

ఆ కాగితం వల్ల ఆమెకు ఉద్యోగం వచ్చిందని ముగించడానికి నా చెయ్యి లాగుతోంది. రాలేదు. కాగితం చూశాక వాళ్లు, ఇంత గొడవున్న మనిషి మనకెందుకని ఇంకొకరిని పెట్టుకున్నారు. ఆమె ఇప్పటికీ ఆ దుకాణంలోనే ఉంది. ఇది ముందే చెప్పేస్తున్నాను, చివర్లో తీపి పూయాలని నాకు బుద్ధి పుట్టకుండా.

ఆమె తెల్ల కాగితం ఇచ్చింది. నేను పేజీ నిండా రాశాను. ఈ మూడు ఊళ్లలో ఇంతటి వేగం ఎవరికీ లేదని, తెర ఆర్పేసినా పది మందిని ఎక్కించగలదని, నా ముప్పై ఏళ్ల అనుభవంలో ఇటువంటి శిష్యురాలు లేదని. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి.

ఆమె కాగితం తీసుకుని మొదటి మాట నుంచి చదివింది. పోగు కట్టిన వేలు ప్రతి మాట కింద నడిచింది. చివరి మాట దాకా చదివి బల్ల మీద పెట్టింది.

“మంచిగ రాసిండ్రు సారు. పది మంది కాదు, ఒక్కడు.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇంకో తెల్ల కాగితం నా ముందుకు జరిపింది.

“గివన్ని వద్దు. గా బుధవారం కొత్త తెర పాఠం అయిందా, కాలేదా? గదొక్కటి రాయుండ్రి. ఆ దినం ఉన్నోళ్లందరిని అడిగిన. ఎవ్వలికి యాదికి లేదు.”

“ఎప్పుడడిగినవ్ బిడ్డా?”

“తాడు తీసిచ్చిన వారానికే.”

“మరి అప్పుడే నన్నెందుకు నిలదీయలే?”

“మీరే వచ్చి చెప్తరనుకున్న.”

పక్క కుర్చీలో ఎవరో ఫోటో అంటించడానికి జిగురు అడిగారు. ఆమె అందించి మళ్లీ నా వైపు తిరిగింది. నేను పెన్ను తీశాను. తెర మార్పులు ఆ బుధవారం నేను ఎవరికీ చెప్పలేదని, రిజిస్టర్‌లో మాట తర్వాత చేర్చానని, ఆమె తప్పు లేదని రాశాను. మూడు వరుసలు. నా జీవితంలో అంత చిన్న కాగితం ఎప్పుడూ రాయలేదు. సంతకం పెట్టి ఇచ్చాను.

ఆమె చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

“తారీకు ఏయలే సారు.”

“ఏ తారీకు ఎయ్యమంటవ్?”

“ఇయ్యాల్టిది.”

వేశాను.